బేగంబజార్‌లో దొరికిన మూకుడు

మూకుడు కొనడానికి హైదరాబాద్ దాకా రావాలా అని మా ఆయన దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు. రావాలి. మేముండే జర్మనీలో ఫ్రైపాన్‌లకు కొదవ లేదు, మంచి గట్టివే దొరుకుతాయి. కిలో వంకాయలు ఒకేసారి పట్టేంత లోతు, రెండు పక్కలా చెవులు ఉన్న మూకుడు మాత్రం మా ఊళ్ళో ఎంత వెతికినా కనపడలేదు. అక్కడి ఇండియన్ షాపులో 45 యూరోలు పోసి కొన్న అల్యూమినియం బాండీ మా ఇండక్షన్ పొయ్యి మీద అసలు వేడెక్కనే లేదు.

మా ఆయనకు రెండు వారాలు ఆఫీసు పని ఉండటంతో మాదాపూర్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, రోజుకు 3,800 రూపాయలు. గది శుభ్రం, నీళ్ళకు ఇబ్బంది లేదు. వంటగదిలో సామానంతా ఉందన్నారు గానీ, తీరా చూస్తే పూత లేచిపోయిన నాన్‌స్టిక్ పెనం ఒకటి, మూత లేని గిన్నె ఒకటి. ఇండక్షన్ పొయ్యి మాత్రం మంచిది. అదే లేకపోతే నేను మొదట కొన్న మూకుడులోని మోసం జర్మనీ వెళ్ళాక గానీ బయటపడేది కాదు.

దగ్గర్లోని ఒక పెద్ద ఏసీ షోరూమ్‌లో 2,850 పెట్టి స్టీల్ మూకుడు కొన్నాను. 'ఇండక్షన్ బాటమ్' అని దాని మీద స్టిక్కర్. సాయంత్రం వనస్థలిపురం నుంచి అమ్మ వచ్చి, ఉప్మాకి ఉల్లిపాయలు వేసింది. రెండు నిమిషాల్లో నడుమ అరచేయంత మేర ముక్కలు మాడి నల్లబడ్డాయి, చుట్టూ ఉన్నవి పచ్చిగానే ఉన్నాయి. చల్లారాక కడిగి బోర్లించి, ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూశాను. మధ్యలో చిన్న బిళ్ళకు అంటుకుంది. రెండు వేళ్ళు పక్కకు జరిపితే జారి పడిపోయింది. అయస్కాంతం అంటుకునే లోహంలోనే ఇండక్షన్ వేడి పుడుతుంది. అంటే వీళ్ళు అడుగున ఓ బిళ్ళ అతికించి, మొత్తం గిన్నెకు ధర వేశారన్నమాట.

మర్నాడు పట్టుకెళితే, "వాడేశారు కదా మేడమ్, తీసుకోం" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు, ఫోన్ మీంచి తల ఎత్తకుండా. మేనేజర్‌ని పిలవమంటే భోజనానికి వెళ్ళారన్నాడు. నలభై నిమిషాలు నిలబెట్టి, చివరికి బిల్లు వెనక సన్నటి అక్షరాలు చూపించారు. డెబ్బై ఏళ్ళ అమ్మకు ఒక కుర్చీ వేసిన పాపాన పోలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. రాత్రి అన్నం తింటూ అంది, "రేపు బేగంబజార్ పోదాం పద."

హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగాం. అక్కణ్ణుంచి ఆటోకి 50. కారులో మాత్రం వెళ్ళకండి, ఆ సందుల్లో బండి పెట్టడానికి చోటుండదు.

గిన్నెల వరసలో ఒక మార్వాడీ పెద్దాయన కొట్టుకి వెళ్ళాం. నేను అయస్కాంతం తీసేలోపే ఆయనే గల్లాపెట్టెలోంచి ఒకటి తీసి, "అడుగంతా చూస్కో అమ్మా" అని చేతిలో పెట్టాడు. అంచు దాకా గట్టిగా పట్టుకుంది. ట్రైప్లై అది: లోపల 304 స్టీల్, మధ్యలో వేడి సమంగా పాకడానికి అల్యూమినియం, బయట అయస్కాంతం అంటుకునే స్టీల్. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తక్కువ, చవక. పులుసులు చేసేవాళ్ళు దాని జోలికి పోవద్దని ఆయనే చెప్పాడు. 26 సెంటీమీటర్ల మూకుడు 1,950. రెండున్నర కిలోల పోత ఇనుము దోసె పెనం 780. పప్పుగుత్తి ఊరికే ఇచ్చాడు.

అమ్మ సంచిలో అమ్మమ్మ ఇత్తడి గిన్నె ఉందని నాకప్పటిదాకా తెలియదు. కళాయి పూయించడానికి తెచ్చింది. పక్క సందులో ఓ చాచా బొగ్గుల కుంపటి మీద గిన్నెను పట్టకారుతో తిప్పుతూ నవసాగరం చల్లాడు. గుప్పుమని తెల్లటి పొగ. తగరం కడ్డీ ఒక్కసారి ఆనించి, కరిగిన చుక్కను దూది ఉండతో గిర్రున తుడిచాడు. చిలుము పట్టిన గిన్నె లోపల అమ్మ ముఖం కనపడింది. 300 తీసుకున్నాడు. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పాడు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది మరి.

సూట్‌కేసు 22.6 కిలోలు తూగింది, పరిమితి 23. ఇత్తడి ఇండక్షన్ మీద పనిచేయదు కాబట్టి ఆ గిన్నె అమ్మ దగ్గరే ఉంచాం. బయల్దేరే ముందు రాత్రి వనస్థలిపురంలో అమ్మ అందులోనే మిరియాల చారు కాచింది. మా ఆయన రెండు గ్లాసులు తాగి, "ఇలాంటి గిన్నె ఇండక్షన్‌కి దొరకదా?" అని అడిగారు.