పిల్లలకు చైనీస్ పండగ మాటలు నేర్పే ‘మాట్లాడే పెన్ను’: చాలాకాలం వాడాక

ఒక బొమ్మల పుస్తకం, బొమ్మ మీద పెడితే ఆ మాట పలికే పెన్ను, ఇదీ సెట్. ఇందులో నాకు ప్రాణంగా నచ్చింది ఒక్కటే, పెన్ను పలికే తీరు. చైనీస్‌లో ‘థాంగ్’ అని గొంతు ఒకే ఎత్తులో నిలిపితే సూపు, పైకి లేపితే చక్కెర. ఆ తేడా నా నోట పలకదు, ఇక పాపకేం నేర్పను? పెన్ను నేర్పింది.

మేం ఉండేది సింగపూర్‌లో. ఇక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం, హిందీ తీసుకోవచ్చు గానీ తెలుగు లేదు. పాప కిండర్‌గార్టెన్‌లో ఇంగ్లిష్‌తో పాటు చైనీసే. అందుకని మిడ్ ఆటమ్ పండగ మీద వచ్చిన ఈ బొమ్మల పుస్తకం, పెన్ను కొన్నాం. చైనీస్ క్యాలెండర్‌లో ఎనిమిదో నెల పున్నమికి వస్తుందీ పండగ. 2024లో సెప్టెంబర్ 17న వచ్చింది, హైదరాబాద్‌లో నిమజ్జనం కూడా ఆ రోజే. అమ్మమ్మ వీడియో కాల్‌లో గణపతుల్ని చూపిస్తుంటే, పాప ఇటు నుంచి లాంతరు ఊపుతూ ‘తంగ్‌లుంగ్’ అని అరిచింది.

పాపకు అన్నిటికన్నా ఇష్టం కుందేలు పేజీ. ఛాంగ్ అ అనే ఆవిడ అమృతం తాగి చంద్రుడి మీదికి ఎగిరిపోతుంది. అక్కడ ఆమెకు తోడు, రోట్లో మందు దంచే కుందేలు. చందమామలో కుందేలుంటుందని అమ్మమ్మ ముందే చెప్పి ఉంచింది కాబట్టి, పాపకు అది మన కుందేలే.

గొడవంతా అక్కడే వచ్చింది. ఈ పెన్ను చదివేది బొమ్మను కాదు, కాగితం మీద కంటికి ఆనని సన్నటి చుక్కల్ని. రోజూ గీకీ గీకీ అవి అరిగిపోయాయి. మరుసటి ఏడు పండగ ముందు చూస్తే చంద్రుడు పలుకుతాడు, రోలు పలుకుతుంది, కుందేలు మాత్రం మౌనం. “అమ్మా, కుందేలు మాట్లాడట్లేదు” అని ఒకటే ఏడుపు. అమ్మినవాళ్లకు రాస్తే పుస్తకం విడిగా ఇవ్వం, సెట్ మొత్తం కొనుక్కోమన్నారు. పసిపిల్లలు ఒక్క బొమ్మనే వందసార్లు తాకుతారని తెలియకుండానే తయారు చేశారా? ఆ కోపం నాకింకా పోలేదు.

కొన్నాళ్లకు చిన్నోడు ఆ పేజీ మీద పెన్ను పెట్టి ఎదురుచూస్తుంటే, పాప పక్కన కూర్చుని ‘థూజ’ అంది, ‘థూ’ దగ్గర గొంతు సరిగ్గా కిందికి దించి. పక్కింటి చైనీస్ ఆంటీ విని, పెన్ను బాగైందా అని అడిగారు. నాకు కళ్లు చెమర్చాయి.

అయితే అది విడి మాటల వరకే. ‘ఒక కుందేలు’ అనాలంటే చైనీస్‌లో అంకెకూ పేరుకూ మధ్య ఇంకో మాట రావాలి. అది ఆంటీ నేర్పారు, పెన్ను కాదు. పుస్తకంలో మూన్‌కేక్, అంటే ఈ పండగకు తినే తీపి వంటకం, లోపల పప్పులు, గింజలు ఉంటాయి. ఇక్కడ పాప తినేది తామర గింజల ముద్ద మధ్యలో ఉప్పు గుడ్డు సొన పెట్టినది. రెండూ ‘యుఎపింగ్’ (మూన్‌కేక్) అంటే పాప చాలా రోజులు నమ్మలేదు.

చిన్నోడి కోసం మళ్లీ కొంటాననే అనుకుంటున్నా, అదీ పక్కింట్లో ఆంటీ ఉన్నారు కాబట్టి. చుట్టూ చైనీస్ వినపడని చోట ఉండి ఉంటే ఇంత డబ్బు పెట్టేదాన్ని కాదేమో.