గుమ్మడి కేకు మీద ఏ గ్లేజ్ బావుంటుంది?

అమెరికాలో అక్టోబరు వచ్చిందంటే దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం పొడులు కలిపిన గుమ్మడి కేకుల కాలమే. కేకు ఒకటే అయినా, పైన పోసే తీపి పూతని, అంటే గ్లేజ్‌ని బట్టి రుచి మారిపోతుంది.

ఎక్కువమంది చేసేది ఐసింగ్ షుగర్ గ్లేజ్. 120 గ్రాముల పంచదార పొడిలో ఒకటి రెండు టేబుల్ స్పూన్ల పాలు కొద్దికొద్దిగా కలిపితే చాలు. తెల్లటి ధారలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఉత్త తీపే. పైగా కేకు పూర్తిగా చల్లారకముందే పోస్తే కరిగి లోపలికి ఇంకిపోతుంది.

రెండోది బ్రౌన్ బటర్ గ్లేజ్. 60 గ్రాముల వెన్నని సన్నసెగ మీద కాచాలి. నురగ వచ్చాక గిన్నె అడుగున తెల్లటి పలుకులు బంగారు రంగుకి తిరుగుతాయి, మన నెయ్యి కాగేటప్పటి కమ్మటి వాసనే వస్తుంది. అక్కడే దించెయ్యాలి, కాస్త ఆలస్యమైనా మాడి చేదెక్కుతుంది. పంచదార పొడి, పాలు, చిటికెడు ఉప్పు కలిపి, గ్లేజ్ వెచ్చగా ఉండగానే కేకు మీద పోసెయ్యాలి, ఎందుకంటే చల్లారితే గట్టిపడుతుంది.

నా ఓటు దీనికే. జాజికాయ, లవంగం ఘాటుకి ఆ కమ్మదనం అద్భుతంగా కుదురుతుంది, ఉప్పు తీపిని అదుపులో ఉంచుతుంది. టైమ్ లేనప్పుడు, పిల్లల పార్టీకి మొదటిది చాలు. వెన్న మాత్రం ఉప్పు కలపనిదే కొనండి.