ఏఐ ఏజెంట్‌కు టూల్ అప్పగించేటప్పుడు ఏది మేలు: మాన్యువలా, హెల్పా, స్కీమానా?

ఏఐ ఏజెంట్‌కు (చెప్పిన పనిని ప్రోగ్రాంలు నడిపి తానే చేసే ఏఐకి) ఒక టూల్, అంటే అది నడపగల ప్రోగ్రాం, అప్పగించే ముందు దాని వాడకాన్ని మూడు చోట్ల రాయవచ్చు: పూర్తి మాన్యువల్‌లో, టూల్ తానే చూపించే హెల్ప్ పాఠంలో, లేదా టూల్‌కు ఏ విలువలు ఇవ్వాలో నిర్ణీత రూపంలో చెబుతూ ఏజెంట్‌కు నేరుగా అందే స్కీమాలో. ఏది మేలో తేల్చడానికి ఆర్‌సింక్‌ను కొలబద్దగా తీసుకుంటాను, ఎందుకంటే ఈ మూడింటినీ పరీక్షకు నిలబెట్టే మెలిక ఒకటి దానిలో ఉంది.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ విడుదల చేసిన ఈ ప్రోగ్రాంను సర్వర్లు చూసుకునేవాళ్లు ఫోల్డర్ల నకలు తీయడానికి ఇప్పటికీ వాడుతున్నారు. పంపాల్సిన ఫోల్డర్ పేరు చివర స్లాష్ (/) లేకపోతే ఆ ఫోల్డరే అవతల ఏర్పడుతుంది. స్లాష్ ఉంటే దాని లోపలి ఫైళ్లు మాత్రమే వెళతాయి. దీనికి, ఇవతల లేని ఫైళ్లను అవతల తీసేసే డిలీట్ ఆప్షన్ తోడైతే ఎంత నష్టమో చూడండి. ఫొటోల ఫోల్డర్‌ను బ్యాకప్ ఫోల్డర్‌లోకి పంపుతూ చివర స్లాష్ పెడితే, బ్యాకప్‌లో అప్పటికే ఉన్న మిగతావన్నీ చెరిగిపోతాయి. స్లాష్ ఉన్నా లేకున్నా కమాండ్ సరైనదే కాబట్టి ఎర్రర్ రాదు.

ఈ సంగతి మాన్యువల్‌లో ఉదాహరణలతో సహా ఉంది. 1971లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ వెలువడిన నాటి నుంచి సాగుతున్న ఈ సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది, కానీ అది మనిషి కోసం ఏర్పడింది. మనిషి ఒకసారి చదివి, ఒకసారి దెబ్బ తిని, ఇక మరచిపోడు. ఏజెంట్ మాత్రం, విడిగా జ్ఞాపకం ఏర్పాటు చేయకపోతే, ప్రతి పనినీ మొదటి రోజులాగే మొదలుపెడుతుంది. ప్రతిసారీ మాన్యువల్ మొత్తం చదివిస్తే కాంటెక్స్ట్‌లో, అంటే ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్ ఒకేసారి చూడగల పాఠంలో, చాలా చోటు దానికే పోతుంది. అంత పాఠంలో స్లాష్ గురించిన రెండు వాక్యాలు మోడల్ దృష్టికి ఆనకపోవచ్చు. ఆర్‌సింక్ వంటి పాత ప్రోగ్రాం గురించి మోడల్‌కు శిక్షణలోనే కొంత తెలిసి ఉంటుంది. మీ ఆఫీసులో రాసుకున్న స్క్రిప్టుకు ఆ అదృష్టం లేదు, దాని గురించి మీరు రాసిందే ఆధారం.

హెల్ప్ పాఠం చిన్నది, అడిగినప్పుడే వస్తుంది, ప్రోగ్రాంతో పాటే ఉంటుంది కాబట్టి పాతబడే అవకాశం తక్కువ. అయితే అది ఆప్షన్‌కు ఒక్క వరుస చొప్పున అర్థం చెబుతుంది. డిలీట్ అంటే అవతల అదనంగా ఉన్న ఫైళ్లను తీసేయడమని తెలుస్తుంది గాని, స్లాష్‌తో కలిసినప్పుడు ఏది అదనమవుతుందో ఆ ఒక్క వరుసలో తెలియదు.

స్కీమా సంగతి వేరు. ఏఐ మోడళ్లను టూళ్లతో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ ప్రకటించిన ఎంసీపీ పద్ధతిలో ప్రతి టూల్‌కూ ఒక పేరు, ఒక వివరణ, ఏ విలువలు ఇవ్వాలో జేసన్ అనే డేటా రాత పద్ధతిలో చెప్పే స్కీమా ఉంటాయి. దీనివల్ల డాక్యుమెంట్ రాయడంతో ఆగకుండా టూల్ రూపాన్నే మార్చే వీలు కలుగుతుంది. స్లాష్‌ను ఏజెంట్‌కు వదిలేయకుండా, ‘ఫోల్డర్ మొత్తం’, ‘లోపలి ఫైళ్లు మాత్రమే’ అనే రెండే విలువలున్న ఒక అంశం పెట్టి, స్లాష్ చేర్చే పనిని మన కోడ్‌కు అప్పగించవచ్చు. ఈ ఒక్క గుణం వల్లే నేను స్కీమా వైపు మొగ్గుతాను.

అలాగని స్కీమా అర్థాన్ని చెప్పదు. తేదీ అనే అంశాన్ని ఉత్త అక్షరాల వరుసగా ప్రకటించి వదిలేస్తే, హైదరాబాద్‌లో ఉన్న మనిషి 03-04-2025 అని రాసినప్పుడు అది ఏప్రిల్ 3 అనీ, మార్చి 4 కాదనీ ఎవరు చెప్పాలి? ఆ మాట వివరణలోనే ఉండాలి. టూల్ దేన్నైనా చెరిపివేస్తుందని తెలిపే గుర్తులు కూడా ఎంసీపీలో ఉన్నాయి, కానీ అవి సూచనలే గాని కట్టడి కావు. పైగా సాధారణంగా టూళ్ల వివరణలన్నీ ప్రతి విన్నపంతోనూ మోడల్‌కు వెళతాయి కాబట్టి, మాన్యువల్‌ను తెచ్చి వివరణలో కుక్కితే మొదటి ఇబ్బందే మళ్లీ వస్తుంది. పేరునూ చిన్న వివరణనూ ముందుంచి, మిగతాది అవసరమైనప్పుడే తెరిపించే ‘స్కిల్స్’ పద్ధతి 2025 అక్టోబరులో వచ్చింది. పెద్ద టూళ్లకు అది నాకు నచ్చింది.

నా తీర్పు ఒక ప్రశ్న మీద ఆధారపడుతుంది: ఈ టూల్‌ను తప్పుగా వాడితే ఎర్రర్ వస్తుందా, లేక తప్పు చడీచప్పుడూ లేకుండా జరిగిపోతుందా? ఎర్రర్ వచ్చేదైతే, ఆ ఎర్రర్ సందేశంలోనే సరైన విలువ ఏదో చెబితే, హెల్ప్ చాలు. ఏజెంట్ దాన్ని చదివి సరిదిద్దుకుంటుంది. తప్పు చప్పుడు లేకుండా జరిగేదైతే స్కీమా కావాలి, దాని వివరణలో ఈ టూల్‌ను ఎప్పుడు వాడకూడదో తప్పక రాయాలి. ఆర్‌సింక్‌కు నేను రాసేది ఇంతే: ‘ఒక ఫోల్డర్‌ను మరో చోటికి నకలు తీస్తుంది. చెప్పకపోతే ఏదీ చెరపదు. చెరపమని అడిగితే ముందు ఏవి పోతాయో జాబితా మాత్రమే చూపిస్తుంది. మనిషి ఒప్పుకున్నాకే రెండోసారి పిలవండి.’