ఎండ కోసం వెళ్ళి ఇంట్లో వణికాం

జర్మనీలోని హాంబుర్గ్‌లో ఎనిమిదేళ్ళు కాపురం చేశాక మొన్న డిసెంబరులో మా ఇంట్లో ఒక తీర్మానం జరిగింది: ఇంకో శీతాకాలం ఇక్కడ గడపకూడదు. చలికి భయపడి కాదు. ఇక్కడ చలి వీధిలోనే ఉంటుంది, తలుపు వేస్తే ఆగిపోతుంది. వెలుతురు లేకపోవడమే బాధ. డిసెంబరు చివర్లో ఎనిమిదిన్నరకు తెల్లవారి నాలుగింటికే చీకటి పడుతుంది. మధ్యలో మిగిలిన ఏడున్నర గంటలూ ముసురు. ఈ ముసురుకు ఇక్కడివాళ్ళు 'షీట్‌వెట్టర్' (దిక్కుమాలిన వాతావరణం) అని పేరు పెట్టుకుని నవ్వుకుంటారు. నాకు నవ్వు రావడం మానేసి చాలా ఏళ్ళయింది.

మా ఆయన ఏ పనైనా పట్టికతోనే మొదలుపెడతారు. ఏ ఊళ్ళో ఏడాదికి ఎన్ని గంటల ఎండ, జనవరిలో పగలెంత, రాత్రెంత అని వరసలు గీసి కాపురం మార్చడానికి చివరకు మూడు ఊళ్ళు తేల్చారు: పోర్చుగల్‌లో పోర్తో, స్పెయిన్‌లో మాలగా, వాలెన్సియా. జనవరిలోనే వెళ్ళి చూడాలని నేను పట్టుబట్టాను. ఏప్రిల్‌లో ఏ ఊరైనా ముద్దుగానే ఉంటుంది, పెళ్ళిచూపుల్లాగా. భీమవరం నుంచి వచ్చి మాతో ఉంటున్న అత్తయ్యను కూడా తీసుకుని పదిహేను రాత్రులకు బయలుదేరాం. బయలుదేరేముందు మా ఆయన వేడినీ గాలిలో తేమనూ చూపించే అరచేతంత యంత్రం ఒకటి 11 యూరోలకు కొన్నారు. దండగ ఖర్చు అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పట్టిక ప్రకారం జనవరిలో పోర్తో పగలు 14 డిగ్రీలు, హాంబుర్గ్ నాలుగు. పది డిగ్రీలు లాభం! నది ఒడ్డుకు దగ్గర్లో, నీలం పలకలు అతికిన పాత రాతి ఇల్లు, ఐదు రాత్రులకు 410 యూరోలు, శుభ్రం చేసినందుకు మరో 45. ప్రకటనలో 'హీటింగ్ ఉంది' అని స్పష్టంగా రాసి ఉంది. తలుపు తీయగానే మా ఊళ్ళో మూసి ఉంచిన ధాన్యపు కొట్టు వాసన వచ్చింది. హీటింగ్ అంటే చక్రాల మీద దొర్లే ఆయిల్ హీటరు ఒక్కటి. దాన్ని వేసి, టీ కోసం కెటిల్ పెట్టగానే మీటరు దగ్గర స్విచ్ టక్కున పడిపోయింది, ఇల్లంతా చీకటి. ఆ దేశంలో ఇంటికి ఒకేసారి ఎంత కరెంటు కావాలో ముందే ఒప్పందం చేసుకుంటారు. చాలా ఇళ్ళకు 3.45 కిలోవోల్ట్ ఆంపియర్లే (సుమారు మూడున్నర కిలోవాట్లు) ఉంటాయి. కనుక హీటరా, టీయా, ఏదో ఒకటి తేల్చుకోవాలి. అత్తయ్య టీ వైపు ఓటేశారు.

రాత్రి పదకొండింటికి మంచం పక్కన పెట్టిన యంత్రం 13.4 డిగ్రీలు, తేమ 84 శాతం అని చూపించింది. దుప్పటి తడిగా లేదు, కాని తడిగా ఉన్నట్టే ఒంటికి తగిలింది. అత్తయ్య చీర మీద స్వెటరు, దాని మీద మా ఆయన కోటు, తలకు మంకీ క్యాపు వేసుకుని పడుకున్నారు. ఉతికిన బట్టలు మూడోరోజుకూ ఆరలేదు. బీరువాను కాస్త జరిపితే గోడ మీద అరచేయి వెడల్పున నల్లటి బూజు. ఫోటో తీసి యజమానికి పంపితే, "పోర్తోలో జనవరి ఇలాగే ఉంటుంది, ఇంకో స్వెటరు వేసుకోండి" అని జవాబిచ్చాడు. ఇల్లు ఖాళీ చేశాక అదనపు కరెంటుకని 40 యూరోలు వసూలు చేశాడు. యంత్రం ఫోటో, బూజు ఫోటో, ప్రకటనలోని ఆ ఒక్క మాటా జతచేసి బుకింగ్ వెబ్‌సైటుకు ఫిర్యాదు చేస్తే పది రోజులకు ఆ 40 తిరిగి వచ్చాయి. క్షమాపణ రాలేదు.

మూడోరోజు వాన తెరిపి ఇచ్చింది. కిటికీలోంచి చూస్తున్న అత్తయ్య, "అమ్మాయ్, ఇంట్లో కంటే బయటే నయం, పద వీధిలో కూర్చుందాం" అన్నారు. నిజంగానే బయట ఎండలో 15 డిగ్రీలు, లోపల 14. ఎదురింటి ముసలావిడ కూడా కుర్చీ గుమ్మం ముందు వేసుకుని కూర్చుంది. ఆ వీధిలో శీతాకాలం అంటే అదేనని అప్పుడు అర్థమైంది. తర్వాత తెలుసుకుంటే, ఇళ్ళు చలిని ఎంతవరకు ఆపాలో చెప్పే నిబంధన జర్మనీలో 1977లో వస్తే పోర్చుగల్‌లో 1990లో వచ్చింది. అంతకుముందు కట్టిన ఇళ్ళు అందమైన రాతి పెట్టెలు. మా ఆయన పట్టిక వీధి వాతావరణాన్ని చెప్పింది. కాని మనం కాపురం చేసేది వీధిలో కాదు కదా.

పోర్తోను తిట్టాను కనుక ఒక మాట దానికి బాకీ ఉంది. మార్కెట్ వెనక సందులో, కాగితం పరిచిన బల్లల హోటల్లో ఆరోజు వంటకం అని బోర్డు మీద సుద్దతో రాసినది తెప్పించుకున్నాం. వేలంత చేపలు కరకరలాడేలా వేయించి, పక్కన జారుగా వండిన టమాటా అన్నం. ఒక్కొక్కరికి 9 యూరోల 50 సెంట్లు. ఐదు రోజుల్లో అత్తయ్య ముఖం వికసించింది అక్కడొక్కచోటే. రెండోసారి అన్నం అడిగితే డబ్బు తీసుకోకుండా గిన్నెతో తెచ్చి పెట్టారు.

మాలగాలో నాలుగు రాత్రులు బాగానే గడిచాయి: ఎండ, సముద్రం, లోపల 18 డిగ్రీలు. కాని పాత ఊళ్ళో మనుషుల కంటే చక్రాల సూట్‌కేసులు ఎక్కువ కనిపించాయి. రెండు పడకగదుల ఇల్లు నెలకు 1,500 యూరోలు చెప్పి, పైన ఒక నెల అద్దె ఏజెంటు రుసుము అన్నారు. 2023 గృహచట్టం ప్రకారం ఆ రుసుము యజమానే ఇచ్చుకోవాలని మా ఆయన గుర్తుచేస్తే, ఇది 11 నెలల 'సీజన్' ఒప్పందం, అంటే తాత్కాలికం, ఆ చట్టం దీనికి వర్తించదు అని ఏజెంటు చిరునవ్వు నవ్వాడు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

వాలెన్సియాలో మూడో అంతస్తు ఇల్లు, 2009లో కట్టింది. ఆరు రాత్రులకు 474 యూరోలు. మొదటి రాత్రి యంత్రం 20.1 చూపించింది. స్పెయిన్‌లో కఠినమైన భవన నియమావళి 2006లో వచ్చింది. దాని తర్వాత అనుమతి పొందిన ఇల్లే చూడండి, ఇంటికి ఎంత ఇంధనం ఖర్చవుతుందో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ చూపించమని అడగండి, నసిగితే ఇంకో ఇల్లు చూసుకోండి. మరో విచిత్రం: స్పెయిన్ గడియారం జర్మనీ గడియారమే కావడంతో జనవరిలో అక్కడా ఎనిమిది దాటాకే తెల్లవారుతుంది. కాని సాయంత్రం ఆరింటి దాకా వెలుతురు. హాంబుర్గ్‌లో అదే వారం నాలుగున్నరకే దీపాలు.

ఇక్కడ నేను భయపడింది నీటికి. 2024 అక్టోబరు 29 వరదలో ఈ ప్రాంతంలో 220 మందికి పైగా పోయారు. 1957 వరద తర్వాత తూరియా నదిని ఊరి దక్షిణానికి మళ్ళించి, పాత నదీగర్భాన్ని పొడవాటి తోటగా మార్చారు. కొత్త కాలువ ఊరిని కాపాడింది, దానికి అవతల ఉన్న పైపోర్తా వంటి ఊళ్ళు మునిగాయి. అద్దె తక్కువని మా ఆయన అటువైపు కింది అంతస్తు ఇల్లొకటి చూపించారు. వరద మ్యాపు తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆ తర్వాత రోజంతా మాట్లాడుకోలేదు.

మాటలు కలిపింది అల్బుఫేరా. ఊరినుంచి బస్సులో వెళ్తే మంచినీటి సరస్సు, చుట్టూ వరి పొలాలు. కోతలయ్యాక శీతాకాలంలో నీళ్ళు పెట్టి వదిలేస్తారు, పక్షులు దిగుతాయి. పడవకు తలకు 6 యూరోలు. అత్తయ్య గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, "ఆకివీడు దాటాక కొల్లేరు ఇలాగే ఉంటుంది" అన్నారు. కొడుకు వైపు తిరిగి, "ఇక్కడే తీసుకోండిరా" అని తేల్చేశారు.

ఇల్లు కూడా చూశాం: నాలుగో అంతస్తు, దక్షిణం వైపు బాల్కనీ, నెలకు 1,280. మా ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టేసేవారే. నేను ఆపాను. 2023 ఆగస్టు 10న ఇక్కడి విమానాశ్రయంలో 46.8 డిగ్రీలు నమోదైంది. మామూలు ఆగస్టులో అంత ఉండదు, కాని సముద్రపు తేమతో రాత్రిళ్ళు చల్లబడవు. మే నెల మధ్యాహ్నాలు చూస్తూ విజయవాడలో పెరిగినదాన్ని, నాకు ఎండ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆగస్టులో ఒక వారం అదే పేటలో, ఏసీ వేయకుండా పడుకుని చూశాకే ఒప్పందం అన్నాను. ఈలోపు ఆ ఇల్లు పోతే పోనీ. టికెట్లు కొన్నాం, ఇద్దరికీ కలిపి 212 యూరోలు. అత్తయ్యను రమ్మంటే రానన్నారు. ఆ ఎండలేవో భీమవరంలోనే టికెట్ లేకుండా దొరుకుతాయట.