వార్సాలో మూడు రోజులు: కోర్చాక్ పిల్లల దారిలో

పోలండ్ రాజధాని వార్సా వెళ్లే మనవాళ్లు చాలామంది ఓల్డ్ టౌన్ చూసి, ఓ పూట షాపింగ్ చేసుకుని క్రాకో రైలెక్కేస్తారు. మేం మూడు రోజులూ వార్సాలోనే ఉన్నాం, ఒకే ఒక్క మనిషి కోసం. ఆయన పేరు యానుష్ కోర్చాక్. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. పిల్లల డాక్టరు, పిల్లలకు కథలు రాసినవాడు, దాదాపు ముప్పై ఏళ్లు యూదు అనాథ పిల్లల హాస్టల్ నడిపినవాడు. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లల్ని చంపడానికి ట్రెబ్లింకా అనే మృత్యుశిబిరానికి పంపేస్తే వాళ్ల చెయ్యి వదలకుండా తానూ వెళ్లిపోయాడు.

నేను ఇరవై ఆరేళ్లు నల్గొండ జిల్లాలో బాలికల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. కోర్చాక్ ఎలా చనిపోయాడో అందరూ చెబుతారు. ఆయన హాస్టల్ ఎలా నడిపాడన్నదే నాకు కావాలి.

మా అమ్మాయి బెర్లిన్‌లో ఉంటుంది. అక్కణ్నుంచి వార్సా సెంట్రల్‌కు నేరుగా రైలుంది, అయిదున్నర గంటలకు కాస్త అటూఇటూ. మొదటి రాత్రి స్టేషన్ పక్కనే ఓ హోటల్లో దిగాం. అది మేం చేసిన పొరపాటు. అద్దె ఎక్కువ, గది ఇరుకు, తెల్లవార్లూ ట్రాముల చప్పుడు. మర్నాడు వోలా అనే పేట వైపు చిన్న అపార్ట్‌మెంట్‌కు మారిపోయాం. వంటగది ఉంది, అన్నం వండుకున్నాం. రోండో దషిన్‌స్కీగో మెట్రో దగ్గర దిగితే కోర్చాక్ హాస్టల్ నడిచివెళ్లే దూరమే. ఈ యాత్ర చేసేవాళ్లు వోలాలోనే ఉండండి. ట్రాముకూ మెట్రోకూ కలిపి మూడు రోజుల టికెట్ తీసుకుంటే చాలు. మొదటిసారి ఎక్కగానే మెషిన్లో గుద్దించడం మాత్రం మర్చిపోకండి.

హాస్టల్ భవనం ఇప్పుడు యాక్టోరోవ్‌స్కా వీధి 6. అప్పట్లో క్రోహ్మాల్నా 92. 1912లో తెరిచారు. యుద్ధంలో దెబ్బతిన్న భవనాన్ని తర్వాత బాగు చేశారు కానీ, పైన కోర్చాక్ ఉన్న అటక గదిని మళ్లీ కట్టలేదు. మేం ముందుగా రాసి అడగలేదు, అందుకని ఆవరణలోంచే చూశాం. లోపల చూడాలనుకుంటే ముందే అనుమతి అడగండి. బయట ఆయన శిరోవిగ్రహం ఉంది. దాని దగ్గర కూర్చుని, నేను చదువుకుని వెళ్లినవన్నీ మా అమ్మాయికి చెప్పాను. మూడు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయిన గంట అదే.

వందకు పైగా పిల్లలు. అయినా ప్రతి ఒక్కరికీ తనదంటూ ఒక సొరుగు. అందులో గోళీ ఉన్నా, రాయి ఉన్నా, విరిగిన బటన్ ఉన్నా అది ఆ పిల్లల ఆస్తి. పెద్దలు చెత్త అని పారెయ్యకూడదు. దీని విలువ హాస్టల్లో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. మా పిల్లలకు రేకు ట్రంకు పెట్టెలుండేవి. తనిఖీకి పై ఆఫీసర్లు వస్తున్నారంటే టెన్షన్. పెట్టెలు తెరిపించి, గాజు ముక్కలూ రంగు కాగితాలూ నేనే ఊడ్పించేసేదాన్ని. ఊడిన పాలపళ్లు ఇస్తే కోర్చాక్ డబ్బులిచ్చి కొనేవాడట. వారం వారం పిల్లల్ని తూచి, ఎత్తు కొలిచి రాసుకునేవాడు. మేమూ తూచేవాళ్లం, రిజిస్టర్ కోసం.

అన్నిటికంటే గొప్పది పిల్లల కోర్టు. జడ్జీలు పిల్లలే. పిల్లలు పిల్లల మీదే కాదు, పెద్దవాళ్ల మీద కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. దానికి ఒక చట్టం రాశాడు. అందులో మొదటి తొంభై తొమ్మిది సెక్షన్లూ క్షమించి వదిలేసేవే. కోర్చాక్ తానే ఆ కోర్టు ముందు నిలబడ్డాడు. ఆ కేసుల్లో ఒకటి, ఒక పిల్లను దొంగతనం చేశావని అనుమానించినందుకు.

అది చెబుతుంటే నా గొంతు పట్టేసింది. ఒకసారి మా హాస్టల్లో మూడు వందల రూపాయలు పోతే ఏడో తరగతి పిల్లను అందరి ముందూ నిలబెట్టి అడిగాను. రెండు రోజులకు ఆ డబ్బు బియ్యం లెక్కల పుస్తకంలో దొరికింది. పెట్టింది నేనే. ఆ పిల్లకు నేను సారీ చెప్పలేదు. చెప్పడానికి మా దగ్గర కోర్టు లేదు కదా అనుకోవడానికి కూడా లేదు, పిల్ల ఎదురుగానే ఉంది. ఈ సంగతి మా అమ్మాయికి అక్కడే మొదటిసారి చెప్పాను.

అక్కణ్నుంచి హ్వోద్నా వీధికి నడిచాం. 1940 నవంబరులో నాజీలు ఘెట్టోను, అంటే యూదుల్ని గోడ కట్టి బంధించిన పేటను, బయటికి దారి లేకుండా మూసేసినప్పుడు పిల్లల్ని ఆ వీధిలోని ఒక స్కూలు భవనానికి మార్చారు. ఆ సామాను తరలింపులో ఆలుగడ్డల బండిని జర్మన్లు లాక్కున్నారు. కోర్చాక్ నేరుగా వాళ్ల ఆఫీసుకే వెళ్లి అడిగాడు, అదీ యూదులు తప్పక కట్టుకోవాల్సిన పట్టీ చేతికి లేకుండా. పట్టుకుని పావ్యాక్ జైల్లో వేశారు. ఒక బండెడు ఆలుగడ్డల కోసం! హాస్టల్ స్టోర్ రూమ్ తాళంచెవి కొంగున కట్టుకుని తిరిగినదాన్ని కాబట్టి అది ఆలుగడ్డల గొడవ కాదని నాకు తెలుసు. రేపు పొద్దున పళ్లేల్లో ఏం పెట్టాలన్న గొడవ. హ్వోద్నాలో ఘెట్టో రెండు భాగాల్నీ కలిపిన నడక వంతెన ఉన్నచోట ఇప్పుడు ఎత్తయిన స్తంభాలు నిలబెట్టారు. రాత్రిపూట దీపాలు వెలుగుతాయి, చీకటి పడ్డాకే వెళ్లండి.

తిండి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మిల్క్ బార్ అని పిలిచే క్యాంటీన్లు చవక. శాకాహారులు 'పియెరోగి రుస్కియె' అనే కజ్జికాయల్లాంటివి అడగండి, లోపల ఆలుగడ్డా పెరుగు జున్నూ ఉంటాయి. పైన చల్లేవాటిలో పందికొవ్వు ముక్కలుంటాయి, వద్దని ముందే చెప్పాలి.

రెండో రోజు ట్రెబ్లింకా. వార్సా నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. మౌకీనియా దాకా రైలు, ఆ తర్వాత టాక్సీ. స్టేషన్లో దొరికిన టాక్సీ అతను దించేటప్పుడు ముందు చెప్పినదానికి రెట్టింపు అడిగాడు. వాదించే ఓపిక లేక ఇచ్చేశాం. ఇద్దరికి మించి ఉంటే వార్సాలోనే కారు మాట్లాడుకోవడం నయం. తిరిగి తీసుకెళ్లే మాట ముందే ఖాయం చేసుకోండి, అక్కడ ఖాళీ బండ్లు దొరకవు. నీళ్లూ తిండీ వెంట ఉంచుకోండి.

చుట్టూ పైన్ అడవి. మధ్య మైదానంలో 17,000 రాళ్లు పాతారు. కొన్నింటి మీద ఊళ్ల పేర్లున్నాయి, అక్కణ్నుంచి తెచ్చి చంపినవాళ్ల గుర్తుగా. మనిషి పేరున్న రాయి ఒక్కటే: 'యానుష్ కోర్చాక్, పిల్లలూ' అని. మోకాలెత్తు దాటి ఉంటుంది, అంచులు గరుగ్గా ఉన్నాయి. దాని మీద యూదుల ఆచారం ప్రకారం చిన్న చిన్న గులకరాళ్లు పేర్చి ఉన్నాయి. ఒక రాయి మీద ఎవరో పిల్లలు రంగు పెన్సిల్‌తో సూర్యుణ్ని గీశారు, వానకు సగం చెరిగింది. నేనూ ఒక రాయి పెట్టాను. ఒక్క చోటే చూసే టైముంటే ట్రెబ్లింకానా, యాక్టోరోవ్‌స్కానా అని అడిగితే మాత్రం నేను యాక్టోరోవ్‌స్కా అనే చెబుతాను.

స్తావ్‌కి వీధిలో పిల్లల్ని రైలెక్కించిన ఉమ్‌ష్లాగ్‌ప్లాట్స్ స్మారకం ఉంది. తెల్ల గోడ మీద వందల పేర్లు, ఇంటిపేర్లు లేకుండా. హాజరు పిలిచినట్టు చదవకుండా ఉండలేకపోయాను. పోలండ్ యూదుల చరిత్ర చెప్పే పోలిన్ మ్యూజియం పెద్దది, బాగుంది, మంగళవారం సెలవు. ఒకొపోవా వీధిలోని యూదుల శ్మశానంలో కోర్చాక్ స్మారక విగ్రహం ఉంది, అది శనివారం మూసేస్తారు.

చివరి రోజు పొద్దున రైలుకు రెండు గంటలుందనగా కల్చర్ ప్యాలెస్ దగ్గరికి వెళ్లాం. ఘెట్టోను కుదించినప్పుడు పిల్లల్ని చివరగా తెచ్చింది ఇక్కడికే, షెన్నా 16. ఆ ఇల్లు లేదు. ఆ చోట లాల్కా తోలుబొమ్మల థియేటర్ ఉంది, గోడకు జ్ఞాపక ఫలకం. 1942 జూలై 18న ఆ ఇంట్లో పిల్లలు ఆడిన నాటకం మన టాగూర్‌ది, 'డాక్‌ఘర్'. కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే జబ్బు పిల్లాడు అమల్ కథ. పిల్లలు చావును భయం లేకుండా చూడగలగాలని కోర్చాక్ ఆ నాటకం ఎంచుకున్నాడంటారు. నాలుగు రోజులకే ఘెట్టో నుంచి రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టు మొదటివారంలో దాదాపు రెండు వందల మంది పిల్లలతో, ముప్పై ఏళ్లు తనతో కలిసి ఆ హాస్టల్ నడిపిన స్టెఫానియా విల్చిన్‌స్కాతో, ఆయన ఇక్కణ్నుంచే బయల్దేరాడు. తప్పించుకోవడానికి దొంగ కాగితాలు సిద్ధం చేస్తామని స్నేహితులు అంటే వద్దన్నాడు.

మేం ఫలకం దగ్గర ఉండగానే బొమ్మలాట అయిపోయింది. పసుపు జాకెట్లు తొడుక్కున్న చిన్నపిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. టీచరమ్మ వాళ్లను ఇద్దరిద్దరిని చేతులు పట్టించి నిలబెట్టి, వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది. ఇరవై ఆరేళ్లు ప్రతి రాత్రీ మంచాల మధ్య చేసిన పని అది, నాకూ ఆగలేదు. ఇరవై నాలుగు వచ్చింది. ఆవిడ ఇంకా చూస్తోంది. ఒక పిల్లాడు తలుపు దగ్గర బూటు లేసు కట్టుకుంటున్నాడు. వాడొచ్చి వరుసలో నిలబడ్డాక కదిలారు.