చలివేంద్రంలో కుళాయి కుండ: చల్లదనం సరే, మిగతా సంగతేమిటి?

ఉగాది దాటిందంటే చిన్న పట్టణాల్లో బస్టాండు దగ్గర, తహసీల్దారు ఆఫీసు గేటు పక్కన, సంత జరిగే కూడలిలో చలివేంద్రాలు లేస్తాయి. పందిరి వేసేది వర్తక సంఘం కావచ్చు, యువజన సంఘం కావచ్చు, ఆటో స్టాండు వాళ్ళు కావచ్చు. కొన్నేళ్ళుగా వాటిలో ఎక్కువగా కనిపిస్తున్నది కుళాయి బిగించిన మట్టి కుండ, 15 నుంచి 20 లీటర్లది. ఈ సమీక్ష దాని గురించే, అదీ చలివేంద్రానికి కొనేవాళ్ళ కోసం. ఇంట్లో నలుగురు తాగే కుండ మీద పడే బరువు వేరు, రోజుకు 500 మంది వచ్చే చలివేంద్రం కుండ మీద పడే బరువు వేరు.

ముందే తేల్చి చెప్పాలంటే, పొడి గాలి ఉన్న చోట చల్లదనంలో దీనికి సాటి లేదు. కరెంటు అక్కర్లేదు, ఐసు అక్కర్లేదు. కుళాయి మాత్రం బలహీనం. రాత్రి నింపే మనిషి లేని చలివేంద్రానికి అసలు కుండే వద్దు.

ఎందుకో చూద్దాం. కుండ చల్లబరిచేది చెమటతో. గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది, పోతూ పోతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. 20 లీటర్ల కుండలో 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుడు నీళ్ళు ఆవిరైతే మిగతా నీటి వేడి లెక్క ప్రకారం దాదాపు 6 డిగ్రీల మేర తగ్గాలి. బయటి గాలి వేడి మళ్ళీ లోపలికి ఎక్కుతూనే ఉంటుంది కనక అసలు తేడా అంత ఉండదు. పైగా దీనికి ఒక హద్దు ఉంది. థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుడితే ఎంత చూపిస్తుందో అంతకంటే కిందికి కుండ నీళ్ళు దిగవు. రామగుండం, రెంటచింతల వైపు 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే ఆ హద్దు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాకినాడ, మచిలీపట్నం వైపు ఎండ 36 డిగ్రీలే అయినా తేమ 60 శాతం ఉంటే హద్దు 29 దాటుతుంది. కోస్తా వాళ్ళు "కుండ నీళ్ళు చల్లగా లేవు" అంటే తప్పు కుమ్మరిది కాదు, గాలిలోని ఉక్కది. అక్కడ కుండను గాలి ఆడే మూల పెడితే కాస్త మేలు. మూడు వైపులా ఫ్లెక్సీలు కట్టి గాలి ఆపేసిన పందిట్లో ఎక్కడైనా కుండ ఓడిపోతుంది.

ఇంకో సంగతి, ఈ పని నెమ్మదిగా జరుగుతుంది. నిండు కుండ చల్లబడటానికి 6 నుంచి 8 గంటలు పడుతుంది. చాలా చలివేంద్రాలు దెబ్బతినేది ఇక్కడే. ట్యాంకరు 11 గంటలకు వస్తుంది, అప్పుడు నింపుతారు, 12 గంటలకు దాహంతో వచ్చినవాడికి గోరువెచ్చని నీళ్ళు దొరుకుతాయి. రెండోసారి అతను ఆ పందిరి వైపు చూడడు. సాయంత్రం 7 గంటలకు నింపి మూత పెట్టి వదిలేసిన కుండ మర్నాడు 10 గంటలకు పనికొస్తుంది. పగలు ఖాళీ అయిన కుండను వెంటనే నింపి వాడకుండా పక్కన పెట్టాలి. నింపిన కుండకు పసుపు గుడ్డ కట్టి, విప్పేదాకా కుళాయి తిప్పకూడదని నియమం పెట్టుకుంటే ఏ పూట ఎవరు కూర్చున్నా గందరగోళం ఉండదు.

ఎన్ని కుండలు కావాలి? 500 మంది, మనిషికి 200 మిల్లీలీటర్ల గ్లాసులు రెండు, మొత్తం 200 లీటర్లు. అంటే 20 లీటర్ల కుండలు 10. ఇవన్నీ ముందు రాత్రే నిండి ఉండాలి. గ్లాసులు కడగడానికి వేరే నీళ్ళు, వేరే డ్రమ్ము. రెండు కుండలు పెట్టి ఫోటో దిగిన చలివేంద్రం పొద్దున పదకొండుకే ఎండిపోతుందంటే వింత లేదు. పది కుండలకు చోటు, మనుషులు లేకపోతే నాలుగే పెట్టి "ఇక్కడ 11 నుంచి 3 వరకే" అని బోర్డు రాయడం మేలు. ఎండ మండే ఆ నాలుగు గంటలు నీళ్ళుంటే చాలామంది ప్రాణం కుదుటపడుతుంది.

కొనేటప్పుడు రంగు, నగిషీ చూడొద్దు. వేలి కణుపుతో తట్టితే ఖంగుమనాలి, బొంగురుగా పలికితే ఎక్కడో వెంట్రుకంత సన్నని బీట ఉన్నట్టే. మెరుగు పూత ఉన్నది తీసుకోవద్దు, దానికి చెమట పట్టదు. మట్టిలో ఊక గాని రంపపు పొట్టు గాని కలిపి కాల్చారా అని కుమ్మరిని అడగండి. అది కాలిపోయి రంధ్రాలు వదులుతుంది, కుండ బాగా ఊరుతుంది. వీలైతే అక్కడే నీళ్ళు పోసి గంటసేపు ఉంచి చూడండి. ఒళ్ళంతా చెమ్మ పట్టాలి, చుక్కలు మాత్రం జారకూడదు.

దాతల పేర్ల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. కుండ చుట్టూ ఎనామెల్ పెయింటుతో పేరు, ఊరు, గుర్తు రాయిస్తారు. పెయింటు పడ్డ మేరకు రంధ్రాలు మూసుకుపోతాయి. నాలుగు వైపులా రాసిన కుండ ప్లాస్టిక్ బిందెతో సమానం. ఇచ్చినవాళ్ళ పేరు ఉండాల్సిందే, అది గుడ్డ బ్యానరు మీద ఉండనివ్వండి. కుండ మీదే కావాలంటే మెడ దగ్గర చిన్నగా సున్నంతో రాస్తే సరిపోతుంది.

కొత్త కుండను 24 గంటలు నీళ్ళలో నానబెట్టి, తర్వాత నింపి పారబోయడం రెండు మూడు సార్లు చేయాలి, లేకపోతే మొదటి రోజుల్లో నీళ్ళు మట్టి వాసన కొడతాయి. సబ్బు, డిటర్జెంటు అసలు తగలనివ్వద్దు. రంధ్రాలు వాటిని పీల్చుకుని తర్వాత నీళ్ళలోకి వదులుతాయి. కొబ్బరి పీచు, వేడి నీళ్ళు చాలు.

ఇక కుళాయి. కుండ కుళాయి అంటే ఒక గొట్టం, బయట ఒక వాషరు, లోపల ఒక వాషరు, ఒక నట్టు. గొడవంతా కుండ గోడ వంపుగా ఉండటంతో, వాషరు చదునుగా ఉండటంతో వస్తుంది. కన్నం చుట్టూ రెండంగుళాల మేర చదును చేసి కాల్చిన కుండ దొరికితే అదే తీసుకోండి. లేదంటే గట్టి ప్లాస్టిక్ వాషరు తీసేసి, మందపాటి మెత్తని సిలికాన్ వాషరు వేయండి. నట్టు చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు, అంతే. స్పానరు పెట్టిన కుండలు అప్పటికప్పుడు కాదు, వారం తర్వాత కన్నం దగ్గర నక్షత్రంలా చీలతాయి. ఒకసారి చీలాక పైన ఎంత మైనం, ఎంత సీలు పూసినా తడిసిన గోడకు అది పట్టదు. వాషరు అడుగున ఒక చుక్క నిలబడి, బరువెక్కి, జారుతుంది, వెంటనే ఇంకోటి పుడుతుంది. సెకనుకు ఒక చుక్కయినా రోజుకు 4 లీటర్లు మట్టిపాలు. ఆ తడిలో ఈగలు, కింద బురద.

తిప్పి ఆన్ చేసే కుళాయి కంటే నొక్కితేనే నీరొచ్చే స్ప్రింగు కుళాయి చలివేంద్రానికి నూరుపాళ్ళు మంచిది. హడావిడిలో బస్సెక్కేవాడు తిప్పిన కుళాయి కట్టెయ్యడు, కుండ మొత్తం పోతుంది. స్టాండు ఎత్తు కూడా చూసుకోవాలి. పిల్లలకు అందకపోతే కుళాయి పట్టుకుని వేలాడతారు, నిండితే పాతిక కిలోలు దాటే కుండ వాళ్ళ మీద పడే ప్రమాదం ఉంది. ముక్కాలి ఇనప స్టాండు మీద కుండను తాడుతో వెనక గుంజకు కట్టండి. కన్నం అడుగుకు అంగుళం రెండంగుళాల పైన ఉంటుంది, ఆ కింద నీరు ఎప్పటికీ బయటికి రాదు. రోజూ ఒకసారి కుండ వంచి ఆ అడుగు నీటిని పారబోయాల్సిందే. చలివేంద్రం నీళ్ళు వాసన కొడుతున్నాయంటే ఈ అడుగు నీరే కారణం కావచ్చు.

శుభ్రత విషయంలో కుండకు గొప్ప మేలు కుళాయే, గ్లాసు ముంచే పని లేదు. అయితే మూత గుడ్డ కాదు, గట్టి మూత ఉండాలి. మున్సిపల్ నీళ్ళే వాడుతుంటే ఒక చిన్న చిక్కు ఉంది. తాగేనీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మిగులు క్లోరిన్, అంటే శుద్ధి చేశాక నీటిలో మిగిలి ఉండే క్లోరిన్, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, రాత్రంతా నిలవ ఉన్న నీటిలో అది తగ్గిపోతుంది. క్లోరిన్ బిళ్ళలు వాడేవాళ్ళు పొట్లం మీద రాసిన కొలతకు తగ్గకుండా, పెరగకుండా వేసి కనీసం అరగంట ఆగాలి. మున్సిపల్ సిబ్బంది దగ్గర క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపు ఉంటుంది, వారానికొకసారి పొద్దున పూట కుండ నీటినే పరీక్షించమని అడగండి. ట్యాంకు నీటిని చూసి సరిపెట్టుకుంటే ఉపయోగం లేదు.

మిగతా పాత్రలతో పోలిక క్లుప్తంగా. 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాను ఎండలో వేడెక్కుతుంది, దాన్ని నిలవ కోసం నీడలో ఉంచండి గాని తాగడానికి ఇవ్వద్దు. నురుగు గోడల ఇన్సులేటెడ్ డ్రమ్ముకు ఐసు కావాలి. 35 డిగ్రీల నీళ్ళు 20 లీటర్లకు 5 కిలోల ఐసు వేస్తే 12 డిగ్రీల దగ్గరికి వస్తుంది, చెమటతో వచ్చినవాడికి అంత చల్లదనం అక్కర్లేదు. పైగా ఐసు ఏ నీళ్ళతో చేశారో తెలియకపోతే డ్రమ్ము మొత్తం పాడు. సముద్ర తీరపు ఉక్కపోతలో మాత్రం డ్రమ్ముదే పైచేయి, తాగునీటితో చేసిన ఐసు నమ్మకంగా దొరికితేనే.

మజ్జిగ ఇచ్చే రోజున కుండలో పోయకండి. పులుపు గోడలోకి దిగి ఆ కుండ మళ్ళీ నీళ్ళకు రాదు. దానికి స్టీలు గిన్నె, గరిటె. ఓఆర్‌ఎస్ పొట్లాలు పందిట్లో ఉంచడం మంచి పని, కానీ పెద్ద పొట్లం లీటరు నీటికి ఒకటి, అదీ అవసరమైన మనిషికి అప్పుడే కలపాలి. అందరి నీళ్ళలో కాస్త కాస్త వేయడం వల్ల ఎవరికీ లాభం లేదు.

మన్నిక మాటకొస్తే, బోరు నీళ్ళు పోసిన కుండకు నెల తిరిగేసరికి నీటి మట్టం దగ్గర తెల్లని ఉప్పు చార పడుతుంది, చేత్తో రాస్తే పిండిలా రాలుతుంది. అదే పొర లోపల రంధ్రాలను కూడా మూస్తుంది. పీచుతో రుద్ది ఒక రోజు ఎండబెడితే కొంత తేరుకుంటుంది. అందుకే పది కుండలు కావలసిన చోట పన్నెండు కొనాలి, రెండు వంతులవారీగా ఆరుతుంటాయి. రోహిణీ కార్తెలో, అంటే మే చివరి వారం నుంచి, అసలు అవసరం. చాలా పందిళ్ళు మే నడిమికే ఖాళీ అవుతాయి. కొనే డబ్బులో కొంత, మనుషుల్లో కొందరిని ఆ రెండు వారాలకు దాచి పెట్టుకోండి. మృగశిర వచ్చి వానలు పడ్డాక కుళాయిలు విప్పి, వాషర్లు విడిగా డబ్బాలో వేసి, కుండలు నీడలో పూర్తిగా ఆరాక బోర్లించి పెట్టాలి. తడిగా మూసి పెట్టిన కుండలో బూజు పడుతుంది. చార వదలని కుండల్ని నీళ్ళకు వాడకుండా పక్షుల తొట్లకో, మొక్కలకో ఇచ్చేయండి.