చిన్న అప్పు ముందా, పెద్ద వడ్డీ ముందా?

అప్పులన్నిటికీ కనీస వాయిదాలు కట్టాక మిగిలిన సొమ్మును దేనికి మళ్లించాలన్నదే ప్రశ్న.

ఖర్చు: అధిక వడ్డీ అప్పును ముందు తీరిస్తే మొత్తం మీద కట్టే వడ్డీ తగ్గుతుంది. నెలకు 3 శాతం చక్రవడ్డీ అంటే ఏడాదికి 36 కాదు, దాదాపు 42.6 శాతం, అలాంటి అప్పును పెరగనిచ్చి, తక్కువ వడ్డీకి తెచ్చిన చిన్న బాకీని ముందు తీర్చడం ఖరీదైన ఊరట అని నా అభిప్రాయం.

శ్రమ: చిన్న బాకీ త్వరగా తీరి, దాని వాయిదా సొమ్ము తర్వాతి అప్పుకు కలుస్తుంది, ఒకటి తీరిందన్న ధైర్యం ఇంటిల్లిపాదికీ అవసరమే.

ముప్పు: ఏ పద్ధతిలోనైనా, అత్యవసరానికి కొంత దాచుకోకపోతే మళ్లీ అప్పే గతి.

వడ్డీరేట్ల మధ్య తేడా ఎక్కువగా ఉండి, ఆదాయం నిలకడగా ఉన్నవారికి పెద్ద వడ్డీని ముందు తీర్చడం మేలు. రేట్లు దగ్గరదగ్గరగా ఉన్నా, నెలవారీ వాయిదాలు ఊపిరాడనివ్వకపోయినా చిన్న అప్పుతో మొదలుపెట్టడం తగినది.